ఏది రాయి, ఏది చెత్త?

మన నూజివీడులో బంగినపల్లయితే కోసుకు తింటాం, రసమైతే జుర్రుకుంటాం, కలెక్టరు కాయైతే గుజ్జు ఫ్యాక్టరీకి పంపిస్తాం. బంగినపల్లి కాదు గదా అని కలెక్టరు కాయని గట్టు మీద పారబోస్తామా?

గనిలో రాయి సంగతీ ఇంతే. పాత కడప జిల్లా మంగంపేటలో ఏపీఎండీసీ ముగ్గురాయి, అంటే బెరైటీస్, తవ్వుతోంది. ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటది. చమురు బావులు తవ్వేటప్పుడు బురదకి బరువు కోసం ఈ పొడి కలుపుతారు. నీటికన్నా 4.2 రెట్లు బరువుంటే మేలురకం. అంతకన్నా తేలికైన రాయిని ఏళ్ల తరబడి గుట్టలు పోశారు. తర్వాత ఆ గుట్టల్నే టెండర్లు పెట్టి అమ్మారు. 2010లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 4.1 రాయికీ ఒప్పుకుంది. రాయి మారలేదు, కొలత మారింది.

అందుకే ప్లానులో ఒక్క బరువే చూస్తే చాలదు. రాయి ఎంత తేలిగ్గా నలుగుతుంది? అందులో ఏం మలినాలున్నాయి? శుద్ధి చేస్తే మేలురకం అవుతుందా? ఇవన్నీ తవ్వకముందే డ్రిల్లు నమూనాల్లో పరీక్షించి, ఏది ముందు తియ్యాలో, ఏది విడిగా దాచాలో రాసుకోవచ్చు. దీన్నే జియోమెటలర్జీ అంటారు.

ఇది ఇంజనీర్ల గొడవే అనుకోకండి. చెత్త అని రాసిన ప్రతి టన్నుకీ గుట్ట కావాలి, గుట్టకి భూమి కావాలి. దుమ్ము పడేది పక్కూరి తోట మీదే.

మీ దగ్గర గని మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, ఉద్యోగాలెన్ని అని అడగండి. దాంతోపాటు ఇదీ అడగండి: చెత్తని ఏ పరీక్ష చేసి తేల్చారు? ఆ కాగితం చూపించండి!