రుద్రవరం జాంబీలను తక్కువ చేసి చూడొద్దు

తక్కువ ఖర్చుతో తీసే హారర్ పేరడీల దగ్గరికి వచ్చేసరికి తెలుగు ప్రేక్షకులు రెండుగా చీలిపోతారు. ఒకే ఆటలో ఒకరు కడుపుబ్బ నవ్వుతుంటే, పక్క సీట్లో వారు ఇంటర్వెల్‌కే లేచి వెళ్లిపోతారు. నవ్వినవారికి అభిరుచి లేదని, లేచి వెళ్లినవారికి ఉందని తేల్చేయడం మనకు అలవాటైంది. ఆ లెక్క తప్పు. పేరడీ రుచించాలంటే సినిమా దేన్ని వెక్కిరిస్తోందో ముందే తెలిసి ఉండాలి. తెలియడమే కాదు, దాన్ని చూసీ చూసీ మొహం మొత్తి ఉండాలి. ఫ్యాక్షన్ సినిమా విషయంలో కర్నూలు, నంద్యాల జిల్లాల వారికి ఈ రెండూ పుష్కలంగా ఉన్నాయి. అందుకే 2021 ఫిబ్రవరి 5న విడుదలైన ‘జాంబీ రెడ్డి’ని బేతంచెర్లలోనో ఆళ్లగడ్డలోనో కూర్చుని చూసినప్పుడు తెలిసేది వేరు.

ప్రశాంత్ వర్మ తీసిన ఈ సినిమాలో పెద్ద తారలు లేరు. కథ నడిచేది కర్నూలు జిల్లా రుద్రవరంలో. ఆ పేరున్న మండలం ఆళ్లగడ్డకు ఆనుకునే ఉంది, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో భాగం. హైదరాబాద్ నుంచి స్నేహితుడి పెళ్లికి బయలుదేరిన కుర్రాళ్లు ఒకవైపు రెండు కుటుంబాల పగల మధ్య, మరోవైపు కరోనా మందు ప్రయోగం వికటించి పుట్టుకొచ్చిన జాంబీల మధ్య ఇరుక్కుంటారు. ఫ్యాక్షన్ సినిమాకు ప్రాణం ‘మనోళ్లు, వాళ్లోళ్లు’ అనే గీత. ఏ చావుకు బాధపడాలో, ఏ చావుకు ఈల వేయాలో ప్రేక్షకుడికి చెప్పేది ఆ గీతే. జాంబీకి అది కనబడదు. అది ఎవరినైనా కరుస్తుంది, కరిపించుకున్నవాడు లేచి సొంత మనుషుల మీదే పడతాడు. తండ్రి పగ కొడుక్కి, కొడుకు పగ మనవడికి అంటుకోవడం వీరత్వం కాదు, అంటురోగం. ఆ మాట ఉపన్యాసంగా చెబితే హాల్లో ఎవరూ వినరు. రంగు పూసిన మొహాలతో, ఊగుతూ నడిచే మనుషులతో చెబితే నవ్వుతూనే తలకెక్కించుకుంటారు.

పెద్ద సినిమా ఈ పని ఎందుకు చేయలేకపోయింది? ‘ప్రేమించుకుందాం రా’ (1997) దారి వేసింది, ‘సమరసింహారెడ్డి’ (1999) దాన్ని రాజబాట చేసింది. తర్వాత ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’, ‘ఆది’, ‘చెన్నకేశవరెడ్డి’ వరుస కట్టాయి. బేతంచెర్ల నాపరాళ్ల గనులు, ఆళ్లగడ్డ శిల్పుల ఉలి దెబ్బలు, బెలుం గుహలు తెరమీద పెద్దగా కనిపించలేదు, కొడవళ్లూ గాల్లోకి లేచే సుమోలే కనిపించాయి. తప్పు దర్శకులది మాత్రమే కాదు. కోట్లు పెట్టి తారను తెచ్చుకున్నప్పుడు ఆ తార చేతిలో కొడవలి తళతళలాడాల్సిందే, అతను పారిపోతే పెట్టుబడీ పారిపోతుంది. పిరికి హీరోను భరించగలిగేది చిన్న సినిమాయే. ‘మగధీర’ తర్వాత రాజమౌళి సునీల్‌ను పెట్టి తీసిన ‘మర్యాద రామన్న’ (2010) దీనికి మంచి సాక్ష్యం. శత్రువు ఇంట్లో అతిథిగా ఉన్నంతసేపే ప్రాణానికి భరోసా కాబట్టి, హీరో ఆ గడప దాటకుండా ఉండటానికి పడరాని పాట్లు పడతాడు. ఆ కథకు మూలం బస్టర్ కీటన్ 1923లో తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’. పగల మీద నవ్వడం ఎంత పాత విద్యో దీన్నిబట్టే తెలుస్తుంది.

చవకబారు మేకప్, తేలిపోయే గ్రాఫిక్స్ అన్నది అందరూ ఎత్తి చూపే లోపం. కానీ తెలుగువాడికి భయం, నవ్వు ఏనాడూ వేర్వేరు గదుల్లో లేవు. విఠలాచార్య ‘జగన్మోహిని’ (1978)లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేస్తుంది. పిల్లలు అమ్మ కొంగు పట్టుకున్నదీ, పెద్దలు పగలబడి నవ్విందీ ఆ ఒక్క షాట్‌కే. అంతకు ఎంతో ముందు నుంచే తోలుబొమ్మలాటలో రామాయణ యుద్ధం మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి అల్లరి చేసేవారు. అతుకు కనబడటం ఈ కళలో లోపం కాదు. అది కనబడుతుంది కాబట్టే భయపడుతున్నవాడు నవ్వగలుగుతాడు.

లేచి వెళ్లిపోయేవారి ఫిర్యాదుల్లో రెండింటిని మాత్రం కొట్టిపారేయలేం. 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ ఆడాక ఒకే మూసలో సినిమాలు వరద కట్టాయి: ఒక బంగళా, నలుగురు స్నేహితులు, దెయ్యం పట్టిన అమ్మాయి, చెంపదెబ్బలు తినే హాస్యనటుడు. ఇవి హారర్‌ను వెక్కిరించడం మానేసి లావుగా ఉన్నవాణ్ని, పనివాణ్ని, హిజ్రాను వెక్కిరించాయి. అలాంటిదాన్ని చూసి నవ్వనివారిదే న్యాయం. అయితే తేడా బడ్జెట్‌లో లేదు, వేలు ఎవరివైపు చూపుతున్నారన్నదాంట్లో ఉంది. ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో ఇంట్లో చొరబడ్డ మనుషుల్ని చూసి దెయ్యాలే జడుసుకుంటాయి. 2025లో వచ్చిన ‘శుభం’లో సీరియల్ వేళకు భార్యలకు దెయ్యం పడుతుంది, కానీ నవ్వులపాలయ్యేది ఇంట్లో పెత్తనం చేయాలనుకునే మొగుళ్ల డాంబికం. రెండో ఫిర్యాదు మూఢనమ్మకం గురించి. ‘జాంబీ రెడ్డి’ కూడా చివరికి దైవాన్నే ఆశ్రయించింది. అంతదాకా ధైర్యంగా నడిచిన సినిమా అక్కడ తడబడిందనే నా అభిప్రాయం.

ఇక పేరు సంగతి. 2020లో ఆ పేరు ప్రకటించగానే ఒక సామాజిక వర్గాన్ని కించపరుస్తున్నారని విమర్శలు వచ్చాయి, అలాంటి ఉద్దేశం లేదని దర్శకుడు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. రాయలసీమను నెత్తుటి నేలగా చూపడం మీద ఇక్కడివారికున్న బాధ నిజమైనది. అయితే ఆ బాధ తిరగబడాల్సింది, నరికినవాణ్ని దేవుణ్ని చేసి, అతని పేరు వెనక తోక తగిలించి, బ్యానర్లు కట్టించుకున్న సినిమాల మీద. ‘జాంబీ రెడ్డి’ ఆ దేవుళ్ల మీసాలు లాగింది. దాని మీద కోపం తెచ్చుకుంటే మనం నెత్తుటి సినిమాల పక్షాన నిలబడ్డట్టే.