వార్డెన్ సంతకం పెడితే ప్రయోగం అయిపోదు



హెచ్‌పీవీ టీకా మాట రాగానే గ్రూపులో మళ్ళీ ఆ పాత గొడవే. కామెంట్లలో రెండు పార్టీలు తయారు. ఒకళ్ళు “ఖమ్మంలో మన పిల్లల్ని చంపిన టీకా ఇదే” అంటారు. ఇంకొకళ్ళు “కమిటీ వేశారు, సంబంధం లేదని తేలిపోయింది, ఇంకేంటి?” అంటారు. రెండు పార్టీలదీ తప్పే అంటాను. పోస్టు పెద్దదే, చివరిదాకా చదివి తర్వాత తిట్టండి.

జరిగింది ఇది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. దాదాపు 14 వేల మంది పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే మన పిల్లలు అందులో చాలామంది. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం రెండూ ఆపించింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు మనవైపు వాళ్ళు.

మొదటి పార్టీకి నా ప్రశ్న. టీకా తర్వాత చనిపోయారు కాబట్టి టీకా వల్లే చనిపోయారా? ఏడుగురిలో ఒక పాప నీళ్లలో మునిగింది, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒకరికి మలేరియా ముదిరింది. ఇవి విచారణలో రాసినవే. టీకా వేసినా వేయకపోయినా ఏజెన్సీలో పిల్లలు చనిపోతూనే ఉన్నారు. ఉదాహరణకి ఆ వయసు పిల్లల్లో వెయ్యికి ఒకరు ఏడాదిలో చనిపోతారనుకోండి, 14 వేల మందిలో 14 మంది అవుతారు. అంటే ఐదు ఎక్కువా తక్కువా అన్నది ఐదుని చూసి చెప్పలేం. పక్కన పోల్చడానికి ఇంకో లెక్క కావాలి.

ఇప్పుడు రెండో పార్టీ. మిగిలిన ఇద్దరి సంగతేంటి? ఒకరికి కారణం తెలియని జ్వరం, ఇంకొకరికి మెదడులో రక్తస్రావం అని అనుమానం. “బహుశా సంబంధం లేదు” అన్న మాటని మీరు “లేదని తేలింది”గా మార్చేశారు. తేలాలంటే తేల్చే ఏర్పాటు ముందే ఉండాలి కదా. టీకా వేయని పిల్లల గుంపు ఒకటి పక్కన ఉండాలి. వేసిన ప్రతి పాప ఇంటికీ వెళ్ళి ఎలా ఉందో రాసుకోవాలి. ఇక్కడ దుష్ప్రభావాలను కనిపెట్టే ఏర్పాటు సరిగా లేదని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘమే తప్పుపట్టింది. వల సరిగా వేయనివాడు ఏట్లో చేపలు లేవంటే నమ్ముతామా?

అసలు మాట ఇంకా ఉంది. ఈ ప్రాజెక్టు టీకా పనిచేస్తుందా లేదా అని చూడటానికి పెట్టింది కాదు. టీకాని జనానికి ఎలా చేర్చాలి, ఎంత ఖర్చవుతుంది, కుటుంబాలు ఒప్పుకుంటాయా అని చూడటానికి పెట్టింది. ఇప్పుడు విచారణలో బయటపడ్డ అంకెలు చూడండి. 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం పెట్టినవి. 1,948 వేలిముద్రలు.

వేలిముద్ర తప్పని నేననను, మన అమ్మలు వేసేది అదే. ఆ కాగితంలో ఏముందో వాళ్ళకి కోయలో ఎవరైనా చదివి చెప్పారా అన్నదే ప్రశ్న. ఇక వార్డెన్ సంతకం. హాస్టల్లో చదివిన వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. లైన్లో నిలబడమంటే నిలబడతాం, చెయ్యి చాపమంటే చాపుతాం. అమ్మానాన్నలకి సెలవులకి ఇంటికెళ్ళాక తెలుస్తుంది.

చాలామంది “అది నైతికత విషయం, సైన్స్ వేరు” అంటారు. ఇక్కడే నాకు మండుతుంది. కుటుంబాలు ఒప్పుకుంటాయా అన్నది ప్రశ్న అయినప్పుడు, కుటుంబాన్ని అడగకుండా వార్డెన్‌తో సంతకం పెట్టిస్తే కొలిచింది దేన్ని? వార్డెన్ ఒప్పుకోలుని. హాస్టల్ పిల్లలు ఒకేచోట దొరుకుతారు కాబట్టి “ఎక్కువమందికి చేరింది” అన్న ఫలితం వస్తుంది. దాన్ని ఊళ్ళకి ఎలా అన్వయిస్తారు? అడగకపోవడం మన పిల్లలకి అన్యాయం. అదే పని ఆ ఫలితాన్ని కూడా పాడుచేసింది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అదే సమయంలో మన దేశంలోనే వేరే చోట్ల రెండు డోసులు చాలా, మూడు కావాలా అని ఒక పరిశోధన నడుస్తోంది. ఖమ్మం గొడవతో 2010లో అక్కడా టీకాలు ఆపేశారు. దాదాపు 5 వేల మంది అమ్మాయిలకి ఒక్క డోసే పడింది. లాటరీ తీసినట్టు పంచిన గుంపులు చెదిరిపోయాయి, ప్రయోగం సగంలో విరిగింది. అయినా వాళ్ళు ఆ అమ్మాయిలను వదల్లేదు. ఏళ్ల తరబడి వెంట వెళ్ళి పరీక్షించారు, టీకా వేయించుకోని వాళ్ళని పోలికకి తెచ్చుకున్నారు. ఒక్క డోసు కూడా ఆ వైరస్ తిష్ఠ వేయకుండా గట్టిగా కాపాడుతోందని 2021లో ప్రచురించారు. విరిగిన ప్రయోగం కూడా మాట్లాడింది, ఎందుకంటే లెక్క రాసినవాళ్ళు ఉన్నారు.

అందుకే టీకా వద్దని నేననను. స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా ఆడవాళ్ళ రికార్డులు చూసి 2020లో చెప్పారు, 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువని. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో ఇది రెండోది. మన అక్కచెల్లెళ్ళకి ఈ రక్షణ అందాలి.

కానీ రేపు మన ఊరికి ఏ టీకా వచ్చినా, ఏ సర్వే వచ్చినా, డిగ్రీ చదివిన మనం ముందు నిలబడి అడగాల్సినవి ఇవి: మీ ప్రశ్న ఏంటి? దేనితో పోలుస్తారు? ఎవరిని అడిగి, ఏ భాషలో అడిగి మొదలుపెట్టారు? తర్వాత ఎన్నేళ్ళు వస్తారు? ఎవరికైనా ఏమైనా అయితే ఆ లెక్క ఎవరు రాస్తారు, మాకు ఎవరు చూపిస్తారు?

చనిపోయిన ఆ పిల్లలు బతికుంటే ఇవాళ మన వయసు వాళ్ళు. వాళ్ళ పేరు మీద పుకారు పంచొద్దు. “అంతా తేలిపోయింది” అని ఫైలు మూసేయొద్దు. అడగడం నేర్చుకుందాం.

జై ఆదివాసీ.