తూకానికి వేసేముందు

మొన్న ఒక పెళ్లిలో, భోజనాల పంక్తిలో, మావారి స్నేహితుడొకాయన నలుగురూ వినేలా అడిగారు. "ఏమమ్మా, నవలలు మానేసి పాతసామాన్ల వ్యాపారంలోకి దిగారటగా?" అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మావారు నవ్వారు. పెళ్లివారింట్లో ఎదురు జవాబు చెప్పడం మర్యాద కాదని నేను గారె మీద దృష్టి పెట్టాను. ఆ జవాబు అప్పట్నుంచీ గొంతులోనే ఉంది. అంచేత ఇక్కడ చెప్పేస్తున్నాను.

అవును, తిరుగుతున్నాను. ఎనిమిది నెలలపాటు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు అరగదీసుకున్నాను. పాత ఇనుము కొట్లలో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కంప్యూటర్ల గుట్టల మధ్య నడిచాను. ఊరిబయట రీసైక్లింగ్ షెడ్డు ముందు వాచ్‌మన్‌ని బతిమాలాను. నేను బి.ఎ. తెలుగు చదివినదాన్ని. కంప్యూటరు లోపల ఏముంటుందంటే ఫ్యాను ఉంటుందని మాత్రం చెప్పగలను, చప్పుడు వినబడుతుంది కనక. అలాంటిదాన్ని ఎందుకు తిరిగానో ఆ పెద్దమనిషి అడగలేదు. అడక్కుండానే నవ్వడం మనవాళ్లకి అలవాటు.

మా అత్తగారికి 200 పాటలదాకా వచ్చు. మేలుకొలుపులు, లాలిపాటలు, నలుగు పాటలు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతలు. పుస్తకమంటూ లేదు, అంతా నోటికే. 2002లో, కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో నేను డి.టి.పి. నేర్చుకున్నాను. మధ్యాహ్నం వంటింటి పని అయ్యాక ఆవిడ కాళ్లు చాపుకుని కూర్చుని పాడేవారు, నేను టైపు చేసేదాన్ని. "ఆ ముక్క మళ్లీ చెప్పండత్తయ్యా" అంటే, "మళ్లీ చెప్తే రాదే, మొదట్నించీ పాడాలి" అనేవారు. అలా ఏడు ఫ్లాపీలు నిండాయి. కాగితం మీద తీసిన ఒక్క ప్రతినీ బంధువు లొకావిడ చదివిస్తానని పట్టుకెళ్లారు. అరువిచ్చిన పుస్తకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అత్తగారు 2007లో పోయారు. 2010లో నేను పుట్టింటికి వెళ్లిన వారం చూసి మావారు ఇల్లు శుభ్రం చేశారు. పాత దినపత్రికలు, పగిలిన బకెట్టు, కంప్యూటరు, అన్నీ కలిపి బండివాడికి వేశారు. "మొత్తం మీద మూడొందలొచ్చాయోయ్" అని ఫోనులో సంబరంగా చెప్పారు కూడా.

నిరుడు మా ఆడపడుచు కూతురి పెళ్లిలో అప్పగింతల వేళకి పాడేవాళ్లు లేక సినిమాపాట పెట్టారు. ఆ రాత్రి నాకు బిస్కెట్ల డబ్బాలో పెట్టిన ఫ్లాపీలు గుర్తొచ్చాయి.

మా అమ్మాయి ఫ్లాపీలు చదివే చిన్న పెట్టె ఒకటి కొనుక్కొచ్చి కొత్త కంప్యూటరుకి తగిలించింది. తెరిస్తే తెలుగు లేదు! ఇంగ్లీషక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు. సంగతేమిటంటే, ఈనాడు అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడిగా ఉన్న యూనికోడ్ ఏర్పాటు ఆ రోజుల్లో మన అచ్చుపనివాళ్లకి వాడుకలో లేదు. ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇంగ్లీషక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను తనకి తోచినట్టు కూర్చేసుకునేది. ఆ కంపెనీ ఫాంటు ఉంటేనే తెలుగు కనబడుతుంది. మార్చిపెట్టే సాధనాలున్నాయిగా అంటారేమో. బాగా చెలామణీ అయిన ఫాంట్లకి ఉన్నాయి. మాది చిన్న కంపెనీ, ఎప్పుడో మూతబడింది. పైగా దాని ప్యాకేజీ పనిచేయాలంటే ప్రింటరు తగిలించేచోట అగ్గిపెట్టెంత 'లాక్' ఒకటి తగిలించాలి. మాది ఆ బండిలోనే పోయింది. కొత్త కంప్యూటర్లకి అసలా చోటే లేదు. అంటే పాత ఫాంటు, పాత లాక్, పాత విండోస్, వాటిని భరించే పాత కంప్యూటరు, నాలుగూ ఒకేచోట దొరకాలి. పెళ్లిసంబంధం చూడటం దీనికంటే తేలిక.

రీసైక్లింగ్ షెడ్డులో అలాంటిది ఒకటి కళ్లారా చూశాను. గేటుకి పదిగజాల దూరంలో ఉంది. "లోపలికొచ్చింది బయటికి పోదమ్మా, రూలు" అన్నాడు మేనేజరు. కారణం నాకూ తెలుసు. ఎవరెవరి బ్యాంకు లెక్కలో వాటిలో ఉంటాయి. సరే, ఆ సమాచారం ఉండే డిస్కు పీకి ముక్కలు చేయండి, మిగతాది డబ్బిచ్చి కొనుక్కుంటానన్నాను. ససేమిరా అన్నాడు.

2023 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమల్లోకొచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ ఫలితాన్ని లోహాల్లో లెక్కకడతారు. బంగారం ఎంత, రాగి ఎంత, అల్యూమినియం ఎంత, ఇనుము ఎంత అని. బాగానే ఉంది. మా అత్తగారి పాటల్ని ఆ నాలుగింటిలో ఏ పద్దు కింద రాస్తారు? అదే నిబంధనల్లో బాగుచేసి మళ్లీ వాడుకోవడానికీ చోటు ఇచ్చారు. ఆ చోటుని ఎవరూ పట్టించుకోకపోవడమే నా కోపానికి కారణం.

ఇంటింటా కంప్యూటర్లు దాచిపెట్టుకోండని నేననడం లేదు సుమండీ. పాత టీవీలాంటి మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. ఢిల్లీ సీలంపూర్‌లాంటి చోట్ల తీగలు కాల్చి రాగి తీసే పనిలో ఆ పొగంతా పీల్చేది పేదవాళ్లే. 2022లో ప్రపంచమంతా కలిసి పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది నాలుగో వంతైనా లేదు. రీసైక్లింగ్ కావాలి. కాకపోతే మరలో వేసేముందు ఒక మనిషి ఒక్కసారి చూడాలంటాను. బియ్యంలో రాళ్లేరడానికి చూడమా?

చూస్తే ఏమవుతుందో వినండి. 2015లో కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో ఒకావిడ, భర్త పోయాక గ్యారేజీ ఖాళీచేసి, అట్టపెట్టెలు రీసైక్లింగ్ కేంద్రంలో దింపేసింది. రసీదు కూడా అడగలేదు. కొన్ని వారాలకి అక్కడివాళ్లు విప్పిచూస్తే అందులో ఆపిల్-1 ఉంది. 1976లో సుమారు 200 మాత్రమే తయారైన మొట్టమొదటి ఆపిల్ కంప్యూటరు! దాన్ని ఒక సేకర్త 2 లక్షల డాలర్లకి కొన్నాడు. అందులో సగం ఆవిడకివ్వాలని పేపర్లవాళ్లకి చెప్పి మరీ వెతికించారు. డబ్బు మాటకేం గానీ, నాకు నచ్చింది ఆ పెట్టె విప్పిచూసిన చెయ్యి. ఆ పక్కనే సన్నీవేల్‌లో వియర్డ్‌స్టఫ్ అని పాత కంప్యూటర్ సామాన్ల కొట్టు ఉండేది. సెలవురోజున అందులో దూరితే మధ్యాహ్నం భోజనం గుర్తుండేది కాదని అక్కడుండే మా తమ్ముడు చెప్పేవాడు. అదీ 2018 ఏప్రిల్‌లో మూతబడింది. అంటే ఆ జబ్బు మన ఒక్కరిదే కాదన్నమాట.

మనకి మాత్రం దాచుకోవలసింది ఏముందంటారా? 1967లో మన హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్. పెట్టారు. ఆ తర్వాత అక్కడ టి.డి.సి.-12 అనే కంప్యూటరు తయారైంది. ఈనాటి పిల్లలకి ఇ.సి.ఐ.ఎల్. అంటే బస్సు బోర్డు మీద చదివే చౌరస్తా పేరు. తాతగారు చేసిన యంత్రం పేరు తెలియని పిల్లలు అమెరికా గ్యారేజీల కథలు కంఠతా చెబుతారు.

ఇక ఆ పెళ్లిలో నవ్విన పెద్దమనిషి సంగతి. ఆయన ఇంటి హాల్లో పాత గ్రామఫోను ఒకటి ఉంది. పాడదు. వారానికోసారి వాళ్లావిడ దాని దుమ్ము దులుపుతుంది. దాన్ని ఆయన 'యాంటిక్' అంటారు. మగవాడు కొంటే అభిరుచి, ఆడది వెతికితే పిచ్చి! మా అత్తగారు చిల్లుపడ్డ ఇత్తడి గిన్నె పారేయనంటే మేమంతా నవ్వేవాళ్లం. నేనూ నవ్వినదాన్నే. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

దొరికిందా అంటారా? దొరికింది. మూతబడ్డ డి.టి.పి. సెంటరు సామానంతా టోకున కొన్న ఒక పాత ఇనుము కొట్లో, పసుపురంగుకి తిరిగిన పెట్టె, వెనకాల లాక్‌తో సహా. "ఏం చేస్తవమ్మా దీన్ని?" అంటూనే కొట్టాయన కాటా మీద పెట్టాడు. తొమ్మిది కిలోలు. ఎంతిచ్చానో అడక్కండి, ఈ పత్రిక మావారూ చదువుతారు.

ఏడు ఫ్లాపీల్లో అయిదు తెరుచుకున్నాయి. తెర మీద మొదటి మేలుకొలుపు తెలుగులో కనబడగానే మా అమ్మాయి "నానమ్మ!" అంది. రెండు బూజుపట్టి పోయాయి. అప్పగింతల పాటలు ఆ రెండింట్లోనే ఉన్నాయి.

అందుకే అడుగుతున్నాను. ప్రతి రీసైక్లింగ్ కేంద్రంలోనూ ఒక అల్మారా పెట్టండి. పాతవాటిలో పనికొచ్చేవి ఏరి, డిస్కు తీసేసి అందులో ఉంచండి. వెతుక్కుంటూ వచ్చినవాళ్లని గేటు దగ్గర ఆపకండి. ఇళ్లలో ఉన్న అమ్మలూ, అటక మీది కంప్యూటరు అమ్మేముందు, అది ఎవరి చేతికింద పనిచేసిందో, అందులో ఏముందో ఒక్కసారి అడగండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

మావారు ఈమధ్య బండివాడు కేకేస్తే గుమ్మంలోకి వెళ్లి, "ఉండవయ్యా, ఆవిణ్ణి అడగాలి" అంటున్నారు. ఆ స్నేహితుడుగారికీ ఈ మాట చెప్పమన్నాను.