కోడి ఇచ్చారు, గూడేదీ?

కోళ్ల ఫారాలకు పేరుపడ్డ దేశంలో నిజానికి వేగంగా పెరిగింది పెరటి కోడి. 2019 పశుగణన ప్రకారం దేశంలోని సుమారు 85 కోట్ల కోళ్లు, బాతుల్లో దాదాపు 32 కోట్లు ఇళ్ల దగ్గర తిరిగేవే. 2012తో పోలిస్తే వీటి సంఖ్య 46 శాతం దాకా పెరిగింది. అదే కాలంలో ఫారాల్లో పెరుగుదల 4.5 శాతమే. పెరటి కోళ్లను సాకేది ఎక్కువగా ఆడవాళ్లు. గుడ్లమ్మిన డబ్బు మగవాడి జేబుకు చేరకుండా ఇంటి ఖర్చుకు పనికొచ్చే కొద్దిపాటి ఆదాయాల్లో ఒకటి. అది ఒక్క రాత్రిలో పోవచ్చు. గూట్లో దూరిన బావురుపిల్లి ఒక్క కోడితో ఆగదు. బెదిరి రెక్కలు కొట్టుకునే వాటన్నిటి మెడలూ కొరికి, చివరికి ఒకదాన్ని నోట కరుచుకుపోతుంది.

ప్రభుత్వాలు ఈ ఆదాయాన్ని పెంచాలనే కోడిపిల్లలు పంచుతున్నాయి. హైదరాబాద్ శివార్లలోని రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కోళ్ల పరిశోధన కేంద్రం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు అనేక రాష్ట్రాల పల్లెలకు చేరాయి. శాస్త్రవేత్తలు శత్రువును మరచిపోలేదు. గద్ద కంటికి తేలిగ్గా ఆనకుండా రంగు ఈకలు, పరుగెత్తి తప్పించుకునేందుకు పొడవాటి కాళ్లు ఉండేలా వనరాజాను తీర్చిదిద్దారు. కానీ ఈ జాగ్రత్తలన్నీ పగటికే. పొద్దుగూకితే కోడికి చూపు ఆనదు, ఎంత పొడవు కాళ్లున్నా కదలదు. నాటుకోడి చీకటి పడే ముందే చెట్టెక్కి కూర్చుంటుంది. బరువైన వనరాజాకు అది అంత తేలిక కాదు. పైగా ఇంక్యుబేటర్‌లో పొదిగిన పిల్లకు గద్ద నీడ చూసి అరిచి రెక్కల కిందకు లాక్కునే తల్లి ఉండదు. తల్లిని తప్పించిన ప్రభుత్వం తల్లి పనిని కూడా తలకెత్తుకోవాలి కదా.

ఆ పని పేరే గూడు. పథకాల్లో దాని వాటా ఎప్పుడూ చిన్నదే. 2014లో మొదలైన జాతీయ పశుసంపద మిషన్ కింద పేద కుటుంబానికి విడతలుగా 45 పిల్లలు ఇచ్చి, రాత్రి గూటికి రూ.1,500 కేటాయించారు. పెరటి గూడంటే నాలుగు తడికెలని ఊహించుకునేవారు వేసే లెక్క ఇలాగే ఉంటుంది. 2021లో మిషన్‌ను సవరించినప్పుడు మొగ్గు పారిశ్రామికవేత్తల వైపు మళ్లింది. కనీసం 1,000 తల్లికోళ్లతో హేచరీ పెట్టేవారికి ఖర్చులో సగం, గరిష్ఠంగా రూ.25 లక్షల రాయితీ. పిల్లల ఉత్పత్తికి అది మంచిదే. ఆ పిల్లలు పడుకునే చోటు మాత్రం ఇంటావిడ తంటాలకే వదిలేశారు.

మంచి గూటికి గొప్ప ఇంజనీరింగ్ అక్కర్లేదు, శత్రువు తెలిస్తే చాలు. బజారులో దొరికే పలచటి ఆరుకోణాల వల కోడిని లోపల ఉంచుతుందే తప్ప కుక్కనో నక్కనో బయట ఆపదు. పళ్లతో లాగితే చిరుగుతుంది. అర అంగుళం కన్నాలున్న వెల్డ్ మెష్ కావాలి. అంతకన్నా పెద్ద సందైతే పాము దూరుతుంది, పిల్లి పంజా దూర్చి కోడి కాలు లాగుతుంది. గూడు నేల మీదే ఉంటే మెష్‌ను అడుగు లోతున పాతాలి, లేదా గోడ వారగా బయటకు అడుగు మేర పరచి మట్టి కప్పాలి. పందికొక్కు, కుక్క గోడ మొదట్లోనే తవ్వుతాయి, దూరం నుంచి సొరంగం వేసేంత ఓపిక వాటికి ఉండదు. రెండు మూడడుగుల ఎత్తున గుంజల మీద కడితే ఇంకా మేలు. గుంజలకు నున్నటి రేకు చుడితే ఎగబాకేవాటికి పట్టు దొరకదు. అయితే కోళ్లు ఎక్కేందుకు వేసిన మెట్ల కర్రను రాత్రికి తీసేయాలి. కోడికి వేసిన నిచ్చెన పిల్లికీ నిచ్చెనే. ఇరవై కోళ్లకు అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సరిపోతుంది. భయంతో అన్ని వైపులా మూసేస్తే రెట్ట వాసనకూ ఉక్కకూ కోళ్లు జబ్బు పడతాయి. అందుకే పైభాగంలో గాలికి మెష్ ఉంచాలి.

కొందరు గూడు బాగుచేసే బదులు ఉచ్చు పన్నుతారు, లేదా చచ్చిన కోడికి మందు పెడతారు. ముంగిస, నక్క, అడవిపిల్లి అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోనివే. ఒక కోడి కోసం కేసులో ఇరుక్కోవాల్సి వస్తుంది. పైగా ముంగిస, పిల్లి లేకపోతే ఎలుకలూ పందికొక్కులూ పెరుగుతాయి. గుడ్లకు, చిన్న పిల్లలకు వాటితోనూ ముప్పే.

డబ్బుకు దారి బొత్తిగా లేదనలేం. 2005 ఉపాధి హామీ చట్టం కింద చేపట్టదగ్గ పనుల జాబితాలో కోళ్ల షెడ్డును కూడా చేర్చారు. దాన్నీ పిల్లల పంపిణీనీ కలిపి, గూడు పూర్తయ్యాకే పిల్లలివ్వమని ఆదేశించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. రెండు శాఖలు ఒకరి ఫైలు ఒకరు చూసుకుంటే చాలు. మనదేశంలో అది నిధుల కన్నా కష్టమైన పనే అనుకోండి.

ఎంత గట్టి గూడైనా ఆధారపడేది గొళ్లెం మీద. మసక చీకట్లో కోళ్లు వాటంతట అవే లోపలికి చేరతాయి. ఆ వేళకు తలుపు వేయాల్సిన మనిషి కూలి పనికి వెళ్లి ఇంకా దారిలోనే ఉంటుంది. అందుకే లోపలికి నెడితే తెరుచుకుని, వెనక్కి వాలిపోయే తలుపు ఒకటి పెడితే ఆమె వచ్చేదాకా గూడు బార్లా తెరిచి ఉండదు. వచ్చాక కోళ్లను లెక్కపెట్టి గొళ్లెం బిగించడం మాత్రం ఆమె చేయాల్సిందే.