అప్లికేషన్‌లో ఆ గడి దగ్గర ‘నో’ కొట్టే ముందు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మొన్న మన గ్రూపులో ఒక చెల్లి అడిగింది. "అన్నా, నాకు అంకెలు తారుమారైపోతాయి. ఉద్యోగానికి పెట్టేటప్పుడు ఆ సంగతి రాయాలా, దాచేయాలా?" అని. కింద నలుగురు "మన ట్రైబల్స్‌కి లెక్కలు ఎవరికొచ్చాయిలే చెల్లీ" అని నవ్వేశారు. నవ్వినోళ్లు మనోళ్లే. బాధేసింది.

నాదీ అదే బాపతు. సీతంపేట సంతలో అమ్మ అనాసపళ్లు అమ్ముతూ చిల్లర ఇవ్వడానికి నన్ను కూర్చోబెట్టేది. వంద నోటు ఇచ్చి అరవై రూపాయల పళ్లు కొంటే నాకు చెమటలు పట్టేవి. డిగ్రీ అయ్యాక కూడా 69, 96 పక్కపక్కన చూస్తే ఆగిపోతాను. చదువుకునే రోజుల్లో ఒక మాస్టారు "కొండోళ్ల బుర్ర ఇంతే" అనేవారు. పదేళ్లు నేనూ అదే నమ్మాను. వేరే పిల్లాడైతే ఏటి సమస్యో చూద్దాం అనేవారేమో, నా విషయంలో జాతి పేరు చెప్పి సరిపెట్టేశారు.

మా సవర లెక్క తక్కువదేం కాదు. పన్నెండు దాటాక పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటూ వెళ్తుంది. పంతొమ్మిది అంటే పన్నెండూ ఏడు. ఇరవై నుంచి ఇరవైల లెక్క, తొంభై అంటే నాలుగు ఇరవైలూ పది. ఇంట్లో ఇలా లెక్కపెట్టిన పిల్లాడికి బడిలో తెలుగు అంకెలు మొదట తికమకగానే ఉంటాయి. భాష మారడం వల్లో, మాస్టారు రాకపోవడం వల్లో వెనకబడితే మంచి కోచింగ్ చాలు. ఎంత బాగా చెప్పినా అంకె చేతికి చిక్కకపోతే అది వేరు. దాని పేరు డిస్కాల్క్యులియా. బద్ధకం కాదు, తెలివితక్కువా కాదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. డిస్కాల్క్యులియా అందులోకే వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలతో కలిపి వీళ్లకి 1 శాతం. సర్టిఫికెట్‌లో 40 శాతానికి తగ్గకూడదు. ఎస్టీ కోటాకి ఇది అడ్డు కాదు, ఎస్టీగా ఉంటూనే దీన్నీ అడగొచ్చు. ఈ మాట మన హాస్టళ్లలో ఎంతమందికి తెలుసు?

అందుకే నా అభిప్రాయం, దాచకండి. కానీ సర్టిఫికెట్ లేకుండా ‘యెస్’ కొట్టకండి, వెరిఫికేషన్‌లో పోతారు. సచివాలయంలో సదరం స్లాట్ గురించి అడగండి. "కంటికి కనబడని వైకల్యమేటి" అని ఎవరైనా అంటే చట్టం పేరు చెప్పండి. నోటిఫికేషన్ మొత్తం చదవండి. ప్రతి పోస్టూ ఈ కేటగిరీకి ఇవ్వరు, అదనపు సమయం రూలు కూడా అందులోనే చూసుకోవాలి. వికాశ్ కుమార్ అనే సివిల్స్ అభ్యర్థికి చేత్తో రాయడం కష్టం. 40 శాతం లేదని స్క్రైబ్‌ని ఇవ్వకపోతే సుప్రీంకోర్టుకెళ్లి 2021 ఫిబ్రవరిలో గెలిచాడు. ఆయన సమస్య వేరు, మనది వేరు. అయినా అడిగాడు కాబట్టే వచ్చింది.

ప్రైవేటు ఉద్యోగమైతే వేరే సంగతి. రెజ్యూమెలో మొదటి లైన్లోనే రాయక్కర్లేదు. పనిలో అంకెలుంటే మాత్రం ఇంటర్వ్యూలో చెప్పేయండి, "నేను ప్రతి అంకె రెండుసార్లు సరిచూస్తాను, కాలిక్యులేటర్ వాడతాను" అని. జబ్బు పేరు కంటే పని ఎలా చేస్తామో వాళ్లకి ముఖ్యం. క్యాష్ కౌంటర్ ఉద్యోగానికి మాత్రం నేను పెట్టను. ఎవరేమన్నా అనుకోండి.

ఇక ఫారం నింపడం. ఒకసారి పదో తరగతి హాల్‌టికెట్ నంబర్లో రెండంకెలు తిరగబడి నా అప్లికేషన్ కొట్టేశారు. పరీక్షే రాయలేదు. అప్పట్నుంచి ఏ నంబరూ ఒక్కడినే ఎక్కించను. ఆధార్ నాలుగేసి అంకెలుగా విడగొట్టి రూమ్మేట్ పైకి చదువుతాడు, నేను స్క్రీన్ మీద వేలు పెట్టి చూస్తాను. పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అన్నీ అంతే. చివరి రోజు నెట్ సెంటర్‌కి పరిగెత్తితే ఇదంతా కుదరదు, నాలుగు రోజుల ముందే కూర్చోండి.

చెల్లీ, నీ ఫారం సబ్మిట్ కొట్టే ముందు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకో. నన్ను మాత్రం పిలవకు, ఇద్దరం కలిసి తప్పు కొట్టేస్తాం.