ఇంటి పనికి తగిన రంపం

మెదక్ వంటి పట్టణంలో ఎలక్ట్రానిక్స్‌పై మక్కువ గల విద్యార్థికి ఇంటి వరండాయే ప్రయోగశాల. విడిభాగాల కోసం అతడు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు వెళ్ళి కోఠి బజారులో వెదుకుతాడు. సర్క్యూట్ బోర్డును కోయడానికి మోటారుతో గిర్రున తిరిగే చిన్న రంపపు చక్రం అక్కడ అతని కంటికి ఇంపుగా కనిపిస్తుంది. కాని ఇంటిలో చేసే పనికి చేతిరంపమే మేలు.

కోయవలసిన వస్తువు స్వభావం ఎరుగనిదే పనిముట్టు ఎంపిక పొసగదు. బోర్డులు ముఖ్యంగా రెండు రకాలు. కాగితపు పొరలను ఫినాలిక్ రెసిన్‌తో అదిమి చేసినది ఒకటి. గాజునూలు బట్టను ఎపాక్సీతో బిగించిన 'ఎఫ్.ఆర్.4' మరొకటి. రెండింటి మీదా పలుచని రాగి రేకు ఉంటుంది. సాధారణంగా మందం 1.6 మిల్లీమీటర్లు. రెండవ దానికి బలమిచ్చే గాజే ఉక్కు పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. కోసేటప్పుడు రేగే గాజుధూళి కంటికి మంట, చర్మానికి దురద, గొంతుకు గరగర కలిగిస్తుంది. అందులో అతి సూక్ష్మమైనది ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది.

నిమిషానికి వేల సార్లు తిరిగే చక్రం ఈ ధూళిని గాలిలోకి చిమ్ముతుంది. కోసిన వాడు లేచి వెళ్ళిన తరువాత కూడా అది తల్లి బియ్యం చెరిగే చేట మీద, చంటిబిడ్డ పాకే గచ్చు మీద నిలిచి ఉంటుంది. నిమిషాల పని మిగిలిందన్న సంతోషానికి ఇంటిల్లిపాది ఊపిరి మూల్యం కారాదు.

చేతి పనిముట్లలోనూ ఎంపిక అవసరమే. అంగుళానికి 32 పళ్ళున్న హ్యాక్సా బ్లేడులో పంటికీ పంటికీ దూరం సుమారు 0.8 మిల్లీమీటర్లు. కనుక బోర్డు మందంలో రెండు పళ్ళయినా ఆని, కోత నునుపుగా సాగుతుంది. 18 పళ్ళ బ్లేడుకు ఒక్క పన్నే ఆని అంచు చిట్లుతుంది. తిన్నని కోతకు అంతకంటె సులువైన మార్గం ఉన్నది. ఇనుప స్కేలు ఆనించి, పదునైన కట్టరుతో బోర్డుకు రెండు వైపులా ఒకే గీతపై పలుమార్లు గీయాలి. ఆ గీతను బల్ల అంచుకు చేర్చి నొక్కితే బోర్డు విరుగుతుంది. ధూళి స్వల్పమే. రేకులు కోసే కత్తెర ఇంత మందానికి తగదు, పొరలు లేచిపోతాయి.

ఏ పద్ధతిలోనైనా జాగ్రత్త తప్పదు. ముక్కుకు కట్టిన చేతిరుమాలు సూక్ష్మధూళిని ఆపదు. ఎన్-95 మాస్కు, కళ్ళద్దాలు ధరించాలి. అంచులను తడిపి అరగదీయాలి. రాలిన పొడిని చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తీయాలి.

వంపు కోతలకు, పదుల సంఖ్యలో బోర్డులకు యంత్రమే కావాలని కొందరు అంటారు. ఆ మాట నిజమే. అయితే అందుకు తగిన చోటు కళాశాల వర్క్‌షాపు. ధూళి లేపకుండా తుంచే మీటకత్తెర ఒక విద్యార్థికి భారమైనా, కళాశాలకు ఒకటి ఉంటే పదిమందికీ అక్కరకు వస్తుంది. ఇంటిలో ఒకటి రెండు బోర్డులకు మోటారు రంపం పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. 1936లో పాల్ ఐస్లర్ లండనులోని తన అద్దె వసతిలోనే ముద్రిత సర్క్యూటుతో రేడియోను రూపొందించాడు. ఇంటి పని అల్పమైనది కాదు. అయితే ఇంటిలోని వారికి హాని కలగనప్పుడే ఆ పనికి గౌరవం.