శత్రువునకు తొడిగిన ముఖము

ప్రియ చదువరీ, నస్పూరులో రెండవ షిఫ్టు దిగివచ్చిన గని కార్మికుడు అర్ధరాత్రి టెలివిజనులో "ఇన్విజిబుల్ ఏజెంట్" చూచిన తప్పేమి యని నీవడుగుదువు. చూచుట తప్పనను, నమ్ముటయే తప్పందును.

1942లో, యుద్ధము నడుమ, హాలీవుడ్ తీసిన చిత్రమది. మందుచేత అదృశ్యుడైన అమెరికా గూఢచారి జర్మనీలో దిగును. అందలి జపానీయుడు క్రూరుడు. ఆ వేషము కట్టిన పీటర్ లోరే జపానీయుడు కాడు. నాజీల జర్మనీని 1933లో విడిచిపోయిన యూదుడు. కథ వ్రాసిన కర్ట్ సియోడ్‌మాక్ సహితము అట్టివాడే. తరుమబడినవారే మరియొక జాతికి క్రూరముఖము తొడిగిరి! ఆ యేటనే అమెరికా తన దేశమందలి జపాను సంతతివారిని లక్షకు పైగా నిర్బంధ శిబిరములకు తోలెను.

మన తాతలను ఊరి వెలుపల నుంచినవారు వారి ముఖము చూచియే యుంచిరా? ఏ మందును త్రాగకయే మనవారు అదృశ్యులైరి. ఆ బాధ యెరిగిన నీవు పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పుము: ఈ వేషము క్రింద నున్నది ఎవరు?